వేస్టులో పడేసిన మాటలు

కళ్ళారా చూసింది చెబుతున్నాను. పనులు మానుకుని వచ్చిన అన్నలకీ అక్కలకీ, క్లాసులు ఎగ్గొట్టి వచ్చిన విద్యార్థులకీ ముందే ఒక మాట. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచను. దాచితే నా మాట మీరు నమ్మనక్కర్లేదు.

ఆ రోజు నాకు సెలవు. కేకలక్కా, మేం పెద్దమ్మ అని పిలిచే వాళ్ళమ్మా, నేనూ ఆస్పత్రి నుంచి నడిచి వస్తున్నాం. బజారు మలుపులో ఆటబొమ్మల పెద్ద దుకాణం ఒకటుంది. అద్దాల తలుపు పక్కన మనిషెత్తు తెర పెట్టారు. తెరమీద కవచం తొడుక్కున్న ఆడమనిషి బొమ్మ. దారిన పోయేవాళ్ళని పలకరిస్తుంది. ఏమడిగినా బదులు చెబుతుంది. అది మా కంపెనీ కొత్త ఆట.

"ఎండలో నిలబడ్డారేం? లోపలికి రండి" అంది తెర.

పెద్దమ్మ ఠక్కున ఆగిపోయింది. ఆవిడకి చూపు పోయి పదేళ్ళయింది. కూతురి చెయ్యి పట్టుకునే నడుస్తుంది. ఆ చేతిని గట్టిగా నొక్కింది.

"అమ్మడూ! నీకు మాటొచ్చిందా?"

కేకలక్క నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"వచ్చిందని నాకు చెప్పవేమే? దారిన పోయేవాళ్ళని పలకరిస్తావు గానీ, కన్నతల్లితో ఒక్క ముక్క మాట్లాడవా?"

"ఇక్కడ కొత్త ఆటలు చాలా ఉన్నాయి" అంది తెర.

"ఆటలేంటే? పొద్దుట్నుంచీ ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను. మీకు ఏ ఆట కావాలి?"

"నేనెవరో తెలీదా నీకు?"

"మీరు మా అతిథి. స్వాగతం!"

పెద్దమ్మ చెయ్యి తడుముకుంటూ పైకి వెళ్ళింది. కూతురి గొంతు మీద, ఆపరేషన్ కోత మీద వేళ్ళు ఆనించింది. అప్పుడే తెర ఇంకెవరినో పిలిచింది. వేళ్ళ కింద ఏమీ కదల్లేదు. ఆవిడ మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"మరి అదెవరే?" అంది నీరసంగా.

అక్క సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసింది. రాస్తే తల్లికి కనపడదు, అందుకని నాకు చూపించింది. నేను చదివి వినిపించాను.

"'అది నేనే' అని రాసింది పెద్దమ్మా" అన్నాను.

అదీ వాళ్ళ బతుకు. తల్లికి కళ్ళు లేవు, కూతురికి గొంతు లేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒకళ్ళు అడిగితే ఇంకొకళ్ళు చేతిమీద తట్టి చెప్పాలి. ఒక తట్టు అయితే ఔను, రెండైతే కాదు. కూతురి గొంతేమో బజారులో నిలబడి కంపెనీకి గిరాకీలు పిలుస్తోంది.

మా పని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఫోన్లలో, తెరలమీద మీరు ఆడే ఆటల్లో ఒక సైనికుడు చస్తే "ఆఁ!" అని అరుస్తాడు చూడండి, ఆ అరుపు ఎవరో ఒకరు అరిచినదే. యుద్ధం ఆట ఒక్కదానికి వేల అరుపులు కావాలి. కత్తి దిగిన అరుపు వేరు, కాలిపోయే అరుపు వేరు, కోటగోడ మీదనుంచి పడే అరుపు వేరు. వాటికోసం కంపెనీ ఒక మేస్త్రీని పెట్టుకుంది. ఆయన రోజుకూలికి గొంతుల్ని తెస్తాడు. గుర్రం బాబాయి సకిలింపులూ డెక్కల చప్పుళ్ళూ చేస్తాడు. తాతయ్య దయ్యాలకీ మాంత్రికులకీ గొంతిస్తాడు. లా చదువుకునే పిల్ల ఒకతి పసిపిల్లల ఏడుపులు ఏడుస్తుంది. అందరిలోకీ అరుపుల్లో దిట్ట మా అక్క, అందుకే కేకలక్క అయింది. ఇక నేను మైకుల ముందు వాళ్ళని నిలబెట్టి రికార్డు చేసేవాణ్ణి. మైకన్న అంటారు.

రోజూ పొద్దున్నే గుమ్మం దగ్గర ఒక కాగితం మీద సంతకం పెడతారు. హాజరుపట్టీ అనుకునేవాళ్ళం. పైన పేరూ తేదీ ఉండేవి. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఈ రోజు ఈ గదిలో నీ నోటినుంచి వచ్చిన ప్రతి శబ్దమూ శాశ్వతంగా కంపెనీ ఆస్తి అని ఉండేది. అక్క ఏడేళ్ళపాటు రోజూ ఆ కాగితం మీద సంతకం పెట్టింది. ఒక్కరోజు కూడా ఎవరూ కిందిదాకా చదవలేదు. చదివినా చేసేదేముంది, గుమ్మం బయటే నిలబెడతాడు మేస్త్రీ.

ఇంకొక సంగతి. అరుపుకీ అరుపుకీ మధ్య మేం మైకు ఆపం. ఆపి మళ్ళీ సరిచెయ్యడానికి టైం పడుతుందని మేస్త్రీ ఒప్పుకోడు. అందుకని మధ్యలో మాట్లాడుకునే మాటలన్నీ కూడా ఎక్కేస్తాయి. నీళ్ళివ్వమనడం, ఇంటికి ఫోన్లు, పోట్లాటలు, నవ్వులు అన్నీ. సాయంత్రం నేను అరుపుల్ని కత్తిరించి ఒక పక్క పెట్టి, మిగిలిందంతా 'వేస్టు' అని రాసి ఇంకో పక్క దాచేవాణ్ణి. ఎందుకు దాచమన్నారో నేనెప్పుడూ అడగలేదు.

దుకాణం ముందు నిలబడ్డాక తెలిసింది. అరుపుల్లోంచి మాటలు పుట్టవు. మామూలుగా మాట్లాడిన మాటలు గంటలకొద్దీ ఉంటేనే మిషను ఒక మనిషిలా మాట్లాడటం నేర్చుకుంటుంది. వాళ్ళకి అవి వేస్టులో దొరికాయి. అక్క వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడిన మాటలు తినే ఆ తెర మాట్లాడుతోంది. ఎద్దు పుండు కాకికి ముద్దు!

అక్క గొంతు పోయి అప్పటికి ఏడాది. గొంతు లోపలి తీగలు చిట్లి, పుండుపడి, ఆపరేషన్ చేశాక ఊపిరి మిగిలింది, పలుకు మిగల్లేదు. ఆస్పత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది, మంచి మనిషి. ఒక పలకలాంటిది చూపించింది. దానిమీద రాస్తే అది పైకి చదువుతుంది. "మీరు ఇదివరకు మామూలుగా మాట్లాడినవి కొన్ని గంటలు దొరికితే, ఇది మీ గొంతుతోనే మాట్లాడుతుంది" అంది. ఆ మాట విన్నప్పట్నుంచీ పెద్దమ్మకి నిద్రలేదు. దుకాణం ముందు తెర మాట్లాడిన మర్నాడే, లా పిల్లని కూడా తీసుకుని నలుగురం కంపెనీకి వెళ్ళాం.

అక్కడ హక్కుల ఆఫీసరని ఒకాయన ఉన్నాడు. మెత్తగా మాట్లాడతాడు, కుర్చీ మాత్రం చూపించడు.

"ఆవిడ గొంతు ఆవిడకిస్తే మీకేం పోతుంది సార్?" అంది లా పిల్ల.

"అది ఆవిడ గొంతు కాదమ్మా. మా శబ్దం."

"కేకలు మీరే ఉంచుకోండి. పనికిరావని మీరు పక్కన పడేసినవే అడుగుతున్నాం."

"మా చెత్తబుట్టలో ఉన్నది కూడా మాదే. కాగితం ఉంది. బయటికి ఇస్తే రేపు అదే గొంతు ఇంకో కంపెనీ ఆటలో వినపడుతుంది. మా పాత్ర ఏం కావాలి?"

"పాత్రేంటి నాయనా, అది నా కూతురు" అంది పెద్దమ్మ.

ఆయన గడియారం చూసుకున్నాడు. సెక్యూరిటీవాడు వచ్చి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

మర్నాడు నలభైమందిమి గేటు దగ్గర నిలబడ్డాం. ఇక్కడే మేం చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. లోకంలో ఇంకెవరూ అలా చెయ్యరు. మావాళ్ళకి గుంపుగా అరవడం వృత్తి. గుర్రం బాబాయి స్టూడియోలోలాగే చెయ్యెత్తాడు. "మా గొంతు మాదే!" అని నలభై గొంతులు ఒక్కసారి లేచాయి, ఒక్కసారి ఆగాయి. రెండు క్షణాలు నిశ్శబ్దం. మళ్ళీ చెయ్యెత్తాడు. ఒక్కడూ దగ్గలేదు. జేబుల్లో తాళాలు కూడా గలగలమనకుండా అలవాటుగా తీసి పక్కన పెట్టారు. ఒకసారి శ్రుతి కుదరలేదని తాతయ్య "ఇంకోసారి చేద్దాం బాబూ" అన్నాడు కూడా! ఎంత శుభ్రంగా వచ్చిందో అని నేను మురిసిపోయాను. సిగ్గులేని మురిపెం.

మూడు వారాలకి ఆటలో కొత్త భాగం వచ్చింది. రాజుగారి కోటమీద జనం తిరగబడతారు. "మా గొంతు మాదే!" అని అరుస్తారు. మా అరుపే. ఆడేవాడు గుర్రమెక్కి వచ్చి ఆ జనాన్ని నరకాలి. ఎంతమందిని నరికితే అన్ని మార్కులు. నరికినప్పుడు వచ్చే చావుకేకలూ మావే, పాత స్టాకు. లా పిల్ల ఆ రోజు గేటు దగ్గర ఫోనులో తీసిన వీడియో కూడా మాయమైపోయింది. దాని చోట ఒక వాక్యం పెట్టారు. ఇందులోని శబ్దం కంపెనీకి చెందినది, అనుమతి లేకుండా వాడారు కాబట్టి తొలగించాం అని. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు!

టీ కొట్టు పైన మేడగదిలో మీటింగు పెట్టుకున్నాం. గది అరుపులతో దద్దరిల్లింది.

"అసలు మన అరుపు వాళ్ళకెట్లా దొరికింది? ఫోనుతో తీస్తే అంత బాగా రాదు" అన్నాడు గుర్రం బాబాయి. "ఎవడో మైకులు కట్టాడు. ఎవడ్రా వాడు?"

లేచి నిలబడ్డాను.

"నేనే బాబాయ్. ముందురోజు గేటు దీపం కింద రెండు మైకులు కట్టమన్నారు. భద్రత కోసమన్నారు. కట్టాను."

బాబాయి నా చొక్కా పట్టుకున్నాడు. "అడగలేదా? ఎందుకూ అని నోరు తెరిచి ఒక్కమాట అడగలేదా?"

"అడగలేదు."

"మా దగ్గర టీ తాగుతావు, వాళ్ళకి మైకులు కడతావు. ఎవరి మనిషివి నువ్వు?"

నెలజీతం వాణ్ణి, రోజుకూలీల కంటే ఒక మెట్టు పైన ఉన్నాననుకునేవాణ్ణి. ఆ మెట్టు మీద నిలబెట్టే కంపెనీవాళ్ళు నాచేత అన్నీ చేయించుకున్నారు. అదే మాట మావాళ్ళతో అన్నాను. కేకలక్క వచ్చి బాబాయి చెయ్యి నా చొక్కామీంచి తీసేసింది. నోటుబుక్కు నా ముందు పెట్టింది. "వేస్టు ఎక్కడుంది?" అని రాసి ఉంది.

"లోపల బీరువాలో. ఒక తాళంచెవి మేస్త్రీ దగ్గర, ఇంకోటి నా దగ్గర."

ముందుగా తాతయ్య అడ్డం తగిలాడు. "దొంగతనమంటారమ్మా. జైల్లో పెడతారు. రేపట్నుంచి ఏ స్టూడియో మనల్ని గుమ్మం తొక్కనివ్వదు. ముసలివాణ్ణి, నాకింకో పని రాదు."

"నీ దగ్గు కూడా ఆ బీరువాలోనే ఉంది తాతయ్యా" అంది లా పిల్ల. "రేపు నువ్వు లేకపోయినా నీ దయ్యం వాళ్ళకి పనిచేస్తూనే ఉంటుంది. ఇక నీ మనవలకి ఈ పని ఎవరిస్తారు?"

"అయితే రాత్రిపూట గోడ దూకుదామా?" అన్నారెవరో.

"ఎందుకు దూకాలి?" అన్నాడు గుర్రం బాబాయి. "మనదేదో మనం తెచ్చుకోవడానికి గోడలెందుకు? పట్టపగలు పోదాం. అందరం పోదాం."

చేతులు లేచాయి. తాతయ్య చెయ్యి అందరికంటే చివర లేచింది, కానీ లేచింది.

మర్నాడు భోజనాల వేళ నలభైమందీ నా వెనక నడిచారు. నేను బీరువా తెరిచి, వేస్టు ఉన్న డిస్కు తీసి చేత్తో పట్టుకుని, మేస్త్రీ ముందునుంచే బయటికి వచ్చాను. ఆయన నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

మేడగదిలో పెట్టి విన్నాం. మొదట నవ్వులే నవ్వులు. బాబాయి తన సకిలింపు మధ్యలో తుమ్మాడు. తాతయ్య దయ్యం గొంతుతోనే మందుల షాపుకి ఫోను చేశాడు. తర్వాత అక్క గొంతు వచ్చింది. తెరది కాదు, ఏడాదిగా వినని అసలు గొంతు.

"సార్, ఇవాళ్టికి ఆపుదాం. మంటగా ఉంది. ఉమ్మితే ఎర్రగా పడుతోంది."

మేస్త్రీ గొంతు: "నీళ్ళు తాగు. ఇంకో ఇరవై ఉన్నాయి, అయిపోతాయి."

మూడో గొంతు: "రెడీ అక్కా. మొదలుపెట్టు."

ఆ మూడో గొంతు నాది. తర్వాత కేక వినపడింది. ఆ రోజు అలా ఒకసారి కాదు. నెల తర్వాతా ఉంది, ఆ తర్వాతా ఉంది. "ఆపుదాం సార్" అని ప్రతిసారీ అడిగింది. "రెడీ అక్కా" అని ప్రతిసారీ నేనన్నాను. గదిలో నా వైపు ఎవరూ చూడలేదు. చూసినా బాగుండేది.

లా పిల్ల ఏడుస్తూనే లేచింది. "ఈ మాటలు ముందు డాక్టరమ్మకి చేరాలి" అని ఒక కాపీ తీసి పరిగెత్తింది. సాయంత్రానికి పోలీసులొచ్చారు. డిస్కు నేనే తీశానని చెప్పాను. చేతులకి బేడీలు వేశారు.

స్టేషనుకి నాతోపాటు అందరూ వచ్చారు. పెద్దమ్మ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. కంపెనీ లాయరు అప్పటికే ఇన్‌స్పెక్టరు ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. పక్కన మేస్త్రీ నిలబడ్డాడు.

"ఈ డిస్కులో ఉన్నదంతా కంపెనీ ఆస్తి" అన్నాడు. "మొదటి క్షణం నుంచి చివరి క్షణం దాకా. హక్కు కాగితాలు ఇవిగో."

"అదే మాట రాసి సంతకం పెట్టండి సార్" అంది లా పిల్ల. "అంతా మీదేనని."

"పెడతాను. నాకేం భయం?"

"ముందు ఏం పోయిందో వినాలి కదండీ ఇన్‌స్పెక్టరుగారూ. వినకుండా కేసెట్లా రాస్తారు?"

ఇన్‌స్పెక్టరుకి విసుగొచ్చింది, విందాంలే అన్నాడు. మీట నొక్కారు. స్టేషను గదిలో అక్క గొంతు పలికింది. సార్, ఇవాళ్టికి ఆపుదాం. ఉమ్మితే ఎర్రగా పడుతోంది.

ఈ సంగతి పెద్దమ్మకి అప్పటిదాకా తెలియదు. కూతురు ఏనాడూ చెప్పలేదు. జలుబు చేసింది, గొంతు బొంగురుపోయింది అని నెట్టుకొచ్చింది. ఆవిడ అలాగే నిలబడి ఇరవై కేకలూ విన్నది. నాకు వాటిని ఆపాలనిపించింది, చేతులకి బేడీలున్నాయి.

అయిపోయాక ఆవిడ లాయరు గొంతు వినపడిన వైపు తిరిగింది. "అంతా నీదేనన్నావుగా నాయనా. ఆ రక్తం కూడా నీదేనా? ఆపమంటే ఆపనివాడు కూడా నీవాడేనా? పెట్టు సంతకం."

లాయరు కలం మూత తీసి ఉంది. ఆయన కాగితం వంక చూశాడు, మేస్త్రీ వంక చూశాడు. "ఆ భాగం... దాని గురించి కంపెనీని అడగాలి" అన్నాడు.

"ఏ భాగం మీదో, ఏ భాగం కాదో గీత గీసి ఇవ్వండి" అంది లా పిల్ల. "మీదైతే ఆవిడ గొంతు పోవడానికి జవాబు చెప్పండి. మీది కాకపోతే దొంగతనం లేదు, మా అన్నని వదలండి."

ఆయన కలం మూత పెట్టేశాడు. నలభైమందీ ఒక్కసారి "పెట్టు సంతకం!" అన్నారు. ఈసారి ఎవరూ చెయ్యెత్తలేదు. ఒకళ్ళమీద ఒకళ్ళు పడి, దగ్గుతూ, కుర్చీలు గుద్దుతూ, తాళాలు ఆడిస్తూ అరిచారు. అలాంటి అరుపు ఏ ఆటకీ పనికిరాదు. లాయరు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు.

అయినా నన్ను వదల్లేదు. పైనుంచి ఫోనొచ్చిందట. సంతకం లేని ఫిర్యాదుమీద ఆరు రోజులు లోపల ఉంచారు. చట్టం ఎవరి చుట్టమో నాకు ఆ ఆరు రోజుల్లో బాగా తెలిసింది.

బెయిలు మీద బయటికి వచ్చేసరికి వీధి నిండిపోయి ఉంది. నలభైమందే కాదు, వందలమంది. వేరే స్టూడియోలవాళ్ళు, పాటలకి కోరస్ పాడేవాళ్ళు, ఫోనుల్లో "దయచేసి వేచి ఉండండి" అనే గొంతులవాళ్ళు, ఆ గొంతులకి బొమ్మలు గీసి కదిలించే కుర్రకారు. మా వేస్టు మాకివ్వండి అని ఎవరి గేటు ముందు వాళ్ళు కూర్చోవడం మొదలుపెట్టారట. మా గేటు దగ్గర ముందురోజు లాఠీలు దిగాయని, తాతయ్య చెయ్యి విరిగిందని చెప్పారు. కట్టుతోనే వచ్చి నిలబడ్డాడు.

మెట్ల పక్కన కేకలక్క, పెద్దమ్మా ఉన్నారు. అక్క చేతిలో పలక ఉంది. డాక్టరమ్మ పొద్దునే ఇచ్చిందట. ఇంకా తల్లికి వినిపించలేదు. పెద్దమ్మ మాత్రం ఆరు రోజుల కోపం ఆపుకోలేక తిడుతూనే ఉంది.

"ఇన్నేళ్ళు రక్తం కక్కుకుంటూ పనిచేశావు. నాకొక్కమాట చెప్పలేదేమే? గుడ్డిదాన్నే గానీ చెవిటిదాన్నా?"

అక్క రాసింది. పలక మాట్లాడింది. అక్క గొంతుతోనే.

"చెబితే వెళ్ళనిచ్చేదానివా అమ్మా?"

పెద్దమ్మ చెయ్యి చాపి ముందు పలకని తడిమింది, తర్వాత దానిమీద ఉన్న వేళ్ళని తడిమింది. వాటిని మొహానికి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"వెళ్ళనిచ్చేదాన్ని కాదు" అంది చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "ఇప్పుడు మాత్రం వెళ్ళకపోతే ఊరుకోను. గేటెటువైపు?"

"లాఠీలున్నాయి పెద్దమ్మా" అన్నాను.

"ఉండనీ. ఇంకెంతమంది పిల్లల గొంతులున్నాయో ఆ బీరువాల్లో. పదండి."

ఆవిడే ముందు కదిలింది. కూతురు పక్కన నడుస్తూ పలక మీద వేలు ఆడించింది.

"ఇక్కడ మెట్టుందమ్మా. నెమ్మదిగా దిగు."

ఆవిడ దిగింది. వెనక మేమందరం దిగాం.